క్రొత్త పాటయు పాత శ్రోతలును

(శతవార్షికోత్సవ సందర్భమున జరిగిన గాయక బృందముల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు మమ్మును కోరిరి. పాడువారిని గూర్చి ఈ ఉదయమునుండి చాలమంది మాట్లాడియున్నారు. శ్రుతిని గూర్చి, తాళమును గూర్చి, భక్తితో పాడుటను గూర్చి మంచి మాటలు వింటిమి. వినువారిని గూర్చి మాత్రము ఎవరును చెప్పలేదు. పాట చెడుటకు గొంతు ఒక్కటే కారణము కాదు. చెవియు కారణము కావచ్చును. కాబట్టి మేము శ్రోతను గూర్చి మాట్లాడ తలంచితిమి. ఏండ్ల తరబడి ఒక గాయకుని ప్రేమించినవారు, ఆయన క్రొత్త పాటలు తెచ్చిన దినమున వానిని ఎట్లు విందురు? ఎట్లు వినవలెను?

ఇందుకు మేము తీసికొన్న ఉదాహరణ మన సంఘస్థుడు కాడు, మన దేశస్థుడును కాడు. ఆయన అమెరికా దేశపు బాబ్ డిలన్. శతవార్షికోత్సవములో ఈ గిటారు పాటగాడెందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. కొంచెము ఓపికపట్టుడి. ఈ కథ చివరకు మన గుమ్మములోనికే వచ్చును.

డిలన్ 1941 మే 24న మిన్నెసోటా రాష్ట్రములోని డులూత్ పట్టణమున ఒక యూదు కుటుంబములో పుట్టెను. తలిదండ్రులు పెట్టిన పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్. 1961లో న్యూయార్కు చేరెను. మరుసటి సంవత్సరము మొదటి ఆల్బము వచ్చెను. తానే వ్రాసి, తానే వరుస కట్టి, తానే పాడును. 1963 ఆగస్టు 28న వాషింగ్టనులో మార్టిన్ లూథర్ కింగుగారు తమ ప్రసిద్ధ ప్రసంగము చేసిన సభలో, ఇరువదిరెండేండ్ల ఈ యువకుడును పాడెను. 2016లో ఆయనకు సాహిత్యమున నోబెలు బహుమానము లభించెను. మన దేశములోను ఆయన అభిమానులు కొద్దిమంది కారు. షిల్లాంగులో లూ మాజా అను గాయకుడు 1972 నుండి ప్రతి సంవత్సరము మే 24న డిలన్ పుట్టినరోజు కచేరీ జరుపుచు వచ్చెను. క్రైస్తవులు ఎక్కువగా నున్న ఆ కొండ పట్టణములో అది ఊరి వేడుకలలో ఒకటైనది.

ఇంతగా ప్రేమించిన అభిమానులే ఆయనపై మూడు పర్యాయములు కోపించిరి. మొదటి రెండింటిని క్లుప్తముగా చెప్పుదుము.

1965 జూలై 25న న్యూపోర్టు జానపద సంగీతోత్సవములో, అంతవరకు మామూలు గిటారుతో ఒంటరిగా పాడినవాడు విద్యుత్ గిటారుతోను వాద్యబృందముతోను వేదిక నెక్కెను. జనములో కొందరు కేకలు వేసిరి. శబ్దము సరిగా వినబడక కేకలు వేసిరని కొందరు, మూడే పాటలు పాడి దిగిపోయినందుకని కొందరు, విద్యుత్ వాద్యములు గిట్టకయని కొందరు చెప్పుదురు. ఆ వాదము నేటికిని తెగలేదు. ఆయన మరల మామూలు గిటారుతో వచ్చి రెండు పాటలు పాడి ముగించెను. మరుసటి సంవత్సరము మే 17న ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున కచేరీ జరిగెను. మొదటి సగము ఆయన ఒంటరిగా పాడగా నిశ్శబ్దముగా విని చప్పట్లు కొట్టిన జనమే, రెండవ సగములో వాద్యబృందము రాగానే గొణుగుకొనిరి. ఒక పాటకును మరియొక పాటకును మధ్య సభలోనుండి ఒక గొంతు "యూదా!" అని అరచెను. ఇస్కరియోతు యూదా పేరు అది. ఆ కచేరీ ధ్వనిముద్రణ 1998లో అధికారికముగా విడుదలయ్యెను. ఆ కేకను నేడు ఎవరైనను వినవచ్చును.

ప్రియులారా, ఆ పేరులోని బరువు మనకు తెలియును. యూదా శత్రువు కాడు, బల్లయొద్ద కూర్చున్నవాడు. పరాయివానిని ఎవరును యూదా అని పిలువరు. ఆ కేక వేసినవాడు డిలన్‌ను ద్వేషించి టిక్కెట్టు కొనలేదు, ప్రేమించి కొనెను. అయితే ఆ ప్రేమలో ఒక షరతు ఉండెను. నీవు నిన్న పాడినట్లే నేడును పాడవలెను.

ఇక మూడవ పర్యాయము. ఇది మన విశ్వాసమును తాకినది గనుక దీనియొద్ద కొంచెము నిలుతము.

1978 నవంబరులో శాన్ డియాగో కచేరీ జరుగుచుండగా ఎవరో వేదికమీదికి ఒక వెండి సిలువను విసరిరనియు, తాను దానిని తీసి జేబులో వేసికొంటిననియు డిలన్ తరువాత తానే చెప్పెను. 1979 ఆరంభమున కాలిఫోర్నియాలోని వైన్‌యార్డ్ అను సంఘమువారి బైబిలు తరగతులకు వెళ్లెను. ఏప్రిల్, మే నెలలలో అలబామా రాష్ట్రములోని మజిల్ షోల్స్ స్టూడియోలో క్రొత్త పాటలు రికార్డు చేసెను. ఆల్బము పేరు స్లో ట్రెయిన్ కమింగ్. దానిని నిర్మించినవారిలో ఒకడైన జెర్రీ వెక్స్‌లర్ దేవుని నమ్మనని బాహాటముగా చెప్పుకొన్న యూదుడు. నమ్మకపోయినను పాటను శ్రద్ధగా విని, వాద్యములను చక్కగా కూర్చెను. ఈ మనుష్యుని మనస్సులో ఉంచుకొనుడి. మరల అక్కరకు వచ్చును.

ఆల్బము 1979 ఆగస్టులో విడుదలయ్యెను. అమెరికా పట్టికలో 3వ స్థానము, బ్రిటనులో 2వ స్థానము పొందెను. రాజైనను, కూలియైనను, ప్రతి మనుష్యుడును ఎవరో ఒకరికి దాసుడే, ఎవరికన్నది తేల్చుకొనవలెనని చెప్పు గాట్టా సర్వ్ సమ్‌బడీ అను పాటకు 1980లో గ్రామీ బహుమానము వచ్చెను. కొనినవారు చాలమంది, మెచ్చినవారును చాలమంది. అయితే కొనుట వేరు, ఎదుట కూర్చుండి వినుట వేరు. ఆ సంగతి నవంబరులో తేలినది.

1979 నవంబరు 1 నుండి 16 వరకు శాన్ ఫ్రాన్సిస్కోలోని వార్‌ఫీల్డ్ థియేటరులో 14 కచేరీలు జరిగెను. మొదట నల్లజాతి సువార్త గాయనులు వేదికపైకి వచ్చిరి. వారిలో ఒకామె, చావుబ్రదుకులలోనున్న కుమారుని చూడ రైలెక్కగోరిన ఒక ముసలి తల్లి కథ చెప్పెను. పిమ్మట వారు భక్తిపాటలు పాడిరి. అటు తరువాత డిలన్ వచ్చి, తన క్రొత్త విశ్వాసపు పాటలనే మొదటినుండి చివరివరకు పాడెను. పాత పాట ఒక్కటియు లేదు. జనములో కొందరు కేకలు వేసిరి, కొందరు లేచి వెళ్లిపోయిరి, కొందరు నిలువబడి చప్పట్లు కొట్టిరి. మరునాడు స్థానిక పత్రికల విమర్శకులు మిక్కిలి కఠినముగా వ్రాసిరి. బీటిల్స్ బృందపు జాన్ లెనన్‌కు డిలన్ పాట ఎంత చురుక్కుమనిపించెనో గాని, ఎవరికిని దాసుడవు కావద్దు, నీకు నీవే సేవ చేసికొనుమను భావముతో 1980లో తన ఇంట ఒక ఎదురు పాట రికార్డు చేసికొనెను.

కోపించినవారి పక్షముగా కూడ ఒక మాట చెప్పుట న్యాయము. వారు డబ్బు పెట్టి టిక్కెట్టు కొనిరి. తమ యౌవనములో తమకు ధైర్యము చెప్పిన పాటలు మరియొకసారి వినగోరిరి. అది పాపము కాదు. యూదులైన అభిమానులలో కొందరికి ఇది ఇంటిలోని బిడ్డ ఇల్లు విడిచిపోయినంత బాధ. ఆ బాధను మనము చులకన చేయరాదు. డిలన్ వైపునను తప్పు లేకపోలేదు. ఆ నెలలోనే అరిజోనా రాష్ట్రములోని టెంపేలో కేకలు వేసినవారితో వేదికమీదనుండియే వాదమునకు దిగి, కఠినముగా గద్దించెను. ఇది పాదిరులమైన మాకు పాఠము. పాట వినవచ్చినవానిని తిట్టి లోపలికి తేలేము.

ఇంతవరకు లోకస్థుల సంగతి చెప్పితిమి. మరి క్రైస్తవులు ఆ పాటలు వినిరా? ఇక్కడ మేము మా తప్పును ఒప్పుకొనవలసియున్నది.

2003 ప్రాంతమున మేము వేదాంత కళాశాలలో విద్యార్థులుగా నుంటిమి. హాస్టలులో ఒక స్నేహితునియొద్ద ఆ ఆల్బము క్యాసెట్టు ఉండెను. దానిని ఒక ప్రక్క మాత్రము విని, మరునాడే ప్రసంగాభ్యాసములో డిలన్‌ను ఉదాహరణగా చెప్పితిమి. ప్రభువు లోకమునుండి గెలుచుకొనిన గొప్ప గాయకుడని చెప్పగా అందరును మెచ్చుకొనిరి. కొంతకాలమునకు మరియొక మిత్రుడు వచ్చి, ఆయన 1980లో సేవ్‌డ్, 1981లో షాట్ ఆఫ్ లవ్ అను ఆల్బములు ఇచ్చిన తరువాత, 1983 నాటి ఇన్ఫిడెల్స్‌లో మరల వేరు సంగతులు పాడినాడని చెప్పెను. మేమేమి చేసితిమి? తరువాతి ప్రసంగములో అదే డిలన్‌ను వెనుదిరిగినవానికి ఉదాహరణగా చెప్పితిమి. ఒకే మనుష్యుని రెండు ప్రసంగములలో రెండు విధములుగా వాడుకొంటిమి. క్యాసెట్టు రెండవ ప్రక్క మాత్రము అప్పటికిని వినలేదు.

వార్‌ఫీల్డులో లేచి వెళ్లిపోయినవానికిని మాకును భేదమేమి? ఆయన తమవాడు కాకపోయెనని వాడు లేచిపోయెను. మావాడాయెనని మేము జబ్బలు చరచుకొంటిమి. పాట ఏమి చెప్పుచున్నదో వాడును వినలేదు, మేమును వినలేదు. దేవుని నమ్మని ఆ వెక్స్‌లర్ మాత్రము వినెను. ఆయన విన్నందువలననే ఆ ఆల్బము నేటికిని చెవికి ఇంపుగా నున్నది. ఇది తలంచినప్పుడు మాకు సిగ్గు కలుగును.

తరువాత జరిగినదియు గమనింపవలెను. 1980 నవంబరులో డిలన్ అదే వార్‌ఫీల్డునకు మరల వచ్చి, క్రొత్త పాటలతో పాటు పాత పాటలును పాడెను. ఏండ్లు గడచెను. 2003లో నల్లజాతి సువార్త గాయకులు, షర్లీ సీజర్ మొదలగువారు, ఆ కాలపు డిలన్ పాటలను తమ ఫక్కీలో పాడి ఒక ఆల్బముగా తెచ్చిరి. 2017లో 1979 నుండి 1981 వరకు జరిగిన కచేరీల ధ్వనిముద్రణలు ట్రబుల్ నో మోర్ అను పేర విడుదలయ్యెను. ఆ మూడేండ్లను ఆయన జీవితములో పాడుకాలముగా లెక్కించినవారు అనేకులు వానిని విని, ఆయన అంత ప్రాణము పెట్టి పాడిన దినములు తక్కువయని ఒప్పుకొనిరి. ఆ పాటలు మారలేదు. చెవులు సిద్ధపడుటకు 38 సంవత్సరములు పట్టినది.

మరియొక సంగతి చెప్పి ఈ కథ ముగింతుము. 2020 మార్చి 25న మన దేశమంతటను లాక్‌డౌను ఆరంభమాయెను. మన గుడి తలుపులు మూయబడిన ఆ దినములు మీకు జ్ఞాపకమున్నవి. మార్చి 27న డిలన్ ముందుగా ఏ ప్రకటనయు లేకుండ ఒక క్రొత్త పాట విడుదల చేసెను. 1963 నాటి కెన్నెడీ అధ్యక్షుని హత్యను గూర్చినది. దాదాపు 17 నిమిషముల పాట. ఇన్ని సంవత్సరములుగా విడువక నిలిచిన అభిమానులకు కృతజ్ఞత తెలుపుచు ఒక చిన్న చీటీయు వ్రాసెను. జూన్ 19న రఫ్ అండ్ రౌడీ వేస్ అను ఆల్బము వచ్చెను. 2012 తరువాత ఆయన స్వంతముగా వ్రాసిన పాటలతో వచ్చిన మొదటి ఆల్బము అది. అప్పటికి ఆయనకు 79 ఏండ్లు. గొంతు బొంగురుపోయినది, నడక నెమ్మదించినది. అయినను ఇండ్లలో మూయబడినవారు ఆ పొడవైన పాటను కూర్చుండి వినిరి. ఆయన స్వంత గొంతుతో పాడిన ఒక పాట బిల్‌బోర్డు పత్రికవారి పాటల పట్టికలలో ఒకదానిలో మొదటి స్థానము పొందుట అదియే మొదటిసారి. ఆల్బము బ్రిటనులో మొదటి స్థానము, అమెరికాలో 2వ స్థానము పొందెను. పాత పాటవలె లేదేమని అడిగినవారు తక్కువ. ఈ వయస్సులో ఈయనకు ఇంకను చెప్పవలసినదున్నదే అని ఆశ్చర్యపడినవారే ఎక్కువ.

ఇక మన గుమ్మములోనికి వత్తుము.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాతవియని మనము గౌరవించునవన్నియు ఒకనాడు క్రొత్తవే. పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) మన రాగతాళములలో కీర్తనలు వ్రాసినప్పుడు వానిని మొదట విన్నవారికి అవి క్రొత్త పాటలే. ఇంగ్లండులో ఐజక్ వాట్సుగారి కీర్తనలు వచ్చినప్పుడు, దావీదు కీర్తనలు చాలవా అని అడిగిన సంఘములుండెను. క్రొత్త కీర్తన పాడుమని 33, 96, 98, 149వ కీర్తనలలో పిలుపు మనము చదువుచునే యున్నాము. ఆ పిలుపు పాడువానికి మాత్రమే అనుకొందుము. వినువాడు లేక పాడువాడెట్లు పాడును? తప్పిపోయిన కుమారుని ఉపమానములో పెద్ద కుమారుడు పొలమునుండి వచ్చుచు మొదట విన్నది సంగీతమే. విని, లోపలికి వెళ్లనొల్లక బయట నిలిచెను.

క్రొత్తదైనంతమాత్రమున ప్రతి పాటయు మంచిదని మేము చెప్పుట లేదు. వాక్యమునకు విరుద్ధమైనదానిని త్రోసివేయవలసినదే. అయితే త్రోసివేయువాడు ముందు వినవలెను.

మేము మునుపు పనిచేసిన పాస్టరేటులో ఒక తెలుగు మాస్టారు ఉండిరి. రిటైరయినవారు. నలువది ఏండ్లుగా పాటలు కట్టిరి. ఆయన వ్రాసిన క్రిస్మసు పాట ఒకటి ఆ ఊరి పసిపిల్లలకు సహితము నోటికి వచ్చును. ప్రతి పండుగకు అదే పాడుమని అందరును అడుగుదురు, ఆయనయు పాడుదురు. ఒక సంవత్సరము వానల కాలములో ఆయన భార్య ప్రభువునందు నిద్రించెను. ఆ డిసెంబరులో మాస్టారు ఒక కాగితము మడచి పట్టుకొని అభ్యాసమునకు వచ్చిరి. క్రొత్త పాట. నెమ్మదియైన రాగము. ఒంటరి ఇంటిలో దీపము వెలిగించుకొని ప్రభువు రాకకై ఎదురుచూచు ముసలివాని పాట అది. రెండు చరణములు పాడగానే కుఱ్ఱవాండ్రు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. పండుగకు చుట్టుప్రక్కల ఊళ్లనుండి జనము వత్తురు, ఏడుపు పాట బాగుండదని కమిటీవారు మెల్లగా అనిరి. అందరును మా వైపు చూచిరి.

"మాస్టారూ, పండుగనాడు పాతదే పాడండి. ఇది తరువాత చూద్దాం" అంటిమి.

"అలాగే అయ్యగారూ" అని ఆయన కాగితము జేబులో పెట్టుకొనిరి. పండుగనాడు పాత పాటయే పాడిరి. అందరును సంతోషించిరి. ఆ తరువాత ఆయన క్రొత్త పాట ఏదియు తేలేదు. మేమును అడుగలేదు. మాకు బదిలీ ఆయెను.

ఈ శతవార్షికోత్సవమునకై సంఘస్థులు వ్రాసిన పాటలు సేకరించు పని మాకు అప్పగింపబడినప్పుడు, ఆయన ఇంటికి వెళ్లితిమి. బాగుగా వృద్ధులైరి. పెట్టెలోనుండి నోటు పుస్తకము తీసి ఇచ్చిరి. ఆ పాట అందులోనున్నది, నాలుగు చరణములు. పైన ముఖారి, ఆదితాళము అని వ్రాసియున్నది. ఒక్కసారి పాడుడని బ్రతిమాలితిమి. ఆయన కన్నులు మూసికొని చాలసేపు చూచిరి.

"రాగం పేరైతే ఉందండి అయ్యగారూ, వరస పోయింది. అప్పుడు నోట్లో ఆడుతూ ఉండేది. ఇప్పుడు రావటం లేదు."

ఆయన మమ్మును నిందింపలేదు. టీ త్రాగి పొండనిరి. మేము మూడవ, నాలుగవ చరణములను ఆనాడే మొదటిసారి చదివితిమి. నాలుగవ చరణములో ఆ ముసలివాని తలుపు తట్టబడుచున్నది. మేము ఏడుపు పాట అనుకొన్నది ఏడుపు పాట కాదు. చివరివరకు వినలేదు గనుక మాకు తెలియలేదు.

గాయక బృందముల నాయకులారా, సంఘ పెద్దలారా, మేము మిమ్మును కోరునది ఒక్కటే. రాబోవు సంవత్సరములలో ప్రతి పాస్టరేటులోను, కనీసము సంవత్సరమునకు ఒక ఆదివారము, మన సంఘస్థులెవరైనను వ్రాసిన క్రొత్త పాటకు చోటియ్యుడి. దానిని చివరి చరణమువరకు వినుడి. రెండుసార్లు వినిన తరువాతనే బాగున్నదనియో లేదనియో చెప్పుడి. బాగులేకపోయిన, ఆ మాట ప్రేమతో చెప్పుడి. వీలైన ఆనాడే సెల్‌ఫోనులో రికార్డు చేసి ఉంచుడి. వృద్ధులైనవారి పాటల విషయములో ఆలస్యము చేయకుడి.

మాస్టారి పాట ఈ జ్ఞాపక సంచికకై మేము అప్పగించిన పాటలలోనున్నది. మాటలు మాత్రమే. మీలో ముఖారి తెలిసినవారు దానికొక వరుస కట్టి ఆయనయొద్దకు తీసికొనిపోయి వినిపింపవలెనని వేడుకొనుచున్నాము. ఆయన కట్టిన వరుస అది కాదు. అయినను ఆయన విందురు. వినుట ఎట్లో ఆయనకు తెలియును.

ప్రభువు మన నోళ్లను, మన చెవులను ఆశీర్వదించును గాక. ఆమేన్.